స్క్రబ్ టైఫస్ జ్వరాలు: విశాఖలో ప్రభుత్వ చికిత్స, వ్యాప్తి పరిశోధన సేవలపై ఒక సమీక్ష

వానాకాలం చివరి రోజుల్లో, సింహాచలం కొండల అంచున ఉన్న మా కాలనీలో ఒక ఇంటి తరువాత మరో ఇంట్లో జ్వరాలు మొదలయ్యాయి. తొలుత అందరూ డెంగీ అనుకున్నారు. తరువాత చేసిన రక్తపరీక్షల్లో ఎక్కువమందికి వచ్చింది స్క్రబ్ టైఫస్ అని తేలింది. కాలనీ సంక్షేమ సంఘం పనులు చూస్తున్నవాణ్ణి కాబట్టి రోగులను వెంటబెట్టుకుని పట్టణ ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి నగరంలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. ఆ తరువాత కారణం వెతకడానికి వచ్చిన క్షేత్రబృందంతో కలిసి కొండవాలు ప్రాంతమంతా తిరిగాను. ఆరోగ్య కేంద్రం, ప్రయోగశాల, వార్డు, క్షేత్రబృందం అనే ఈ నాలుగింటినీ ఒకే సేవగా భావించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఏ సంస్థ పేరూ రాయడం లేదు.

ఈ జబ్బు విషయంలో సేవ మంచిచెడ్డలను తేల్చడానికి రెండు ప్రశ్నలు చాలునని నా అభిప్రాయం. సరైన మందు మొదటి మోతాదు రోగికి ఎంత తొందరగా అందింది అన్నది ఒకటి. రోగి ఎక్కడ తిరిగాడో, ఆ చోటికి ఎవరైనా వచ్చి చూశారా, చూసి కనుగొన్నది అక్కడి జనానికి చెప్పారా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు మాకు దొరికిన జవాబు చాలా బాగుంది. రెండోదానికి సగం జవాబే దొరికింది.

సేవ గురించి చెప్పేముందు జబ్బు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దీని స్వభావం తెలియకపోతే వైద్యుడు చేసిన పని విలువ అర్థం కాదు. స్క్రబ్ టైఫస్‌ను కలిగించేది ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అస్సాం, బర్మా అడవుల్లో పోరాడిన సైనికులను ఇది పెద్ద ఎత్తున మంచాన పడవేసింది. 1948లో కౌలాలంపూర్‌లో జరిగిన ప్రయోగాల్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ దీన్ని నయం చేస్తుందని రుజువైంది. ఆ తరువాత టెట్రాసైక్లిన్ జాతి మందులూ చేతికి వచ్చాక దీని మీద భయం తగ్గింది, భయంతోపాటు వైద్యుల శ్రద్ధ కూడా తగ్గింది. 2000 తరువాత హిమాచల్ ప్రదేశ్, తమిళనాడు, ఈశాన్య రాష్ట్రాలు మొదలుకొని దేశంలో అనేక చోట్ల ఇది మళ్ళీ తలెత్తింది. ఒకప్పుడు టైఫాయిడ్‌కని క్లోరాంఫెనికాల్ విరివిగా ఇచ్చేవారు కాబట్టి ఆ జ్వరాల మాటున ఇదీ నయమైపోయేదని, ఆ మందు వాడకం తగ్గి సెఫ్ట్రియాక్సోన్ వంటి వేరే యాంటీబయాటిక్‌లు వచ్చాక ఇది బయటపడుతోందని నిపుణులు చెప్పే కారణాల్లో ఒకటి. పరీక్షలు పెరగడం, ఊళ్ళు పొదల్లోకి, కొండల్లోకి విస్తరించడం కూడా కారణాలే. మా కాలనీయే ఇందుకు నిదర్శనం. మా పై వరుస ఇళ్ళ పెరటిగోడ దాటితే లంటానా పొదలే.

పొదల్లో, గడ్డిలో బతికే నల్లి జాతి పురుగు పిల్లదశలో కుట్టడం వల్ల ఈ బ్యాక్టీరియా మనిషిలోకి వస్తుంది. ఆ పిల్లపురుగును చిగ్గర్ అంటారు. మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే ఉంటుంది కనుక మామూలు కంటికి దాదాపు ఆనదు. అది తన పిల్లదశలో సాధారణంగా ఒక్కసారే ఎలుక మీదో, మనిషి మీదో ఆహారం తీసుకుంటుంది. ఒక్కసారే కుట్టే పురుగు జబ్బును ఎలా మోస్తుందన్న సందేహం నాకు కలిగింది; తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు బ్యాక్టీరియా సంక్రమిస్తుందని క్షేత్రబృందంలోని కీటక నిపుణుడు వివరించారు. అందువల్ల రోగులందరికీ నయమైనా, పురుగులున్న చోటు ఏళ్ళ తరబడి ప్రమాదకరంగానే మిగిలిపోతుంది. కుట్టిన తరువాత 6 నుంచి 21 రోజుల లోపు జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. సకాలంలో మందు పడకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చు. ఒక మనిషి నుంచి మరో మనిషికి ఇది అంటదు.

ఇక ఆరోగ్య కేంద్రం సంగతి. అక్కడి వైద్యాధికారిణి పనితీరును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. జ్వరం అయిదు రోజులు దాటిన ప్రతి రోగినీ ఆమె అడిగిన మొదటి విషయం ఏ మందులు వాడారన్నది కాదు, ఎక్కడెక్కడ తిరిగారన్నది. మేకలు మేపడానికి కొండ మీదికి వెళ్ళే ఒక పెద్దావిడను తీసుకువెళ్ళినప్పుడు వైద్యాధికారిణి, "అమ్మా, చంకలు, నడుము, చెవుల వెనక ఒకసారి చూడాలి. తలుపు వేసి సిస్టరు చూస్తారు, మొహమాటపడకండి" అన్నారు. "నాకేటీ పుండు నేదు తల్లీ, నొప్పి అసలే నేదు" అని పెద్దావిడ పదే పదే చెప్పింది. నర్సు ఓపిగ్గా చూస్తే లంగా బొందు కట్టే చోట, నడుము వెనక, చుట్ట నిప్పు తగిలి కాలినట్లు ఒక నల్లని మచ్చ, దాని చుట్టూ ఎరుపు కనిపించాయి. వైద్యులు దీన్ని ఎస్కార్ అంటారు. చిగ్గర్ కుట్టిన చోట ఏర్పడే ఈ మచ్చ నొప్పి పెట్టదు, దురద పెట్టదు. అందుకే రోగికి అది ఉందన్న సంగతే తెలియదు. చంక, గజ్జలు, రొమ్ముల కింద, నడుము పట్టీ దగ్గర, అంటే బట్ట బిగుతుగా ఉండే చోట్ల, చర్మం ముడతపడే చోట్ల ఎక్కువగా ఉంటుంది. అందరికీ ఏర్పడదు కూడా. ఆ మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదని వైద్యాధికారిణి మాకు ప్రత్యేకంగా చెప్పారు.

మచ్చ కనిపించిన వెంటనే, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, ఆ మధ్యాహ్నమే టెట్రాసైక్లిన్ జాతికి చెందిన డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఈ ఒక్క నిర్ణయమే మొత్తం సేవలో అత్యంత విలువైనదని నేను భావిస్తున్నాను. భారత వైద్య పరిశోధన మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల సారాంశం కూడా ఇదే: అనుమానం బలంగా ఉన్నప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే మందు మొదలుపెట్టాలి, పరీక్ష కోసం ఆపకూడదు. పెద్దవారికి 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణులకు డాక్సీసైక్లిన్ బదులు అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు రోజుకొకసారి, అయిదు రోజులు. పిల్లలకు బరువును బట్టి మోతాదు నిర్ణయిస్తారు. ఇవన్నీ వైద్యులు ఇవ్వవలసినవే తప్ప దుకాణంలో అడిగి కొనుక్కోవలసినవి కావు. మందు ధర చాలా తక్కువ, మాకైతే ఉచితంగానే అందింది. చాలామందికి మందు పడిన రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. పెద్దావిడకూ అలాగే దిగింది. అలా దిగకపోతే వేరే జబ్బు కూడా ఉందేమో చూడాలని వైద్యాధికారిణి ముందే చెప్పి పంపారు.

మందు ఇచ్చే కిటికీ దగ్గర ఫార్మసిస్టు చెప్పిన జాగ్రత్తలు కూడా ఇక్కడ రాయాలి, ఎందుకంటే నేను చూసిన చాలా చోట్ల మందు చేతిలో పెట్టడంతోనే పని అయిపోతుంది. గుళికను నిండు గ్లాసు నీళ్ళతో మింగాలని, మింగిన తరువాత అరగంట సేపు పడుకోకూడదని, లేకపోతే అది అన్నవాహికలో ఆగి పుండు చేస్తుందని ఆయన చెప్పారు. ఐరన్ మాత్రలు, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్లు దానితో కలిపి వేసుకోవద్దని, ఎండలో ఎక్కువగా తిరగవద్దని కూడా హెచ్చరించారు. రద్దీగా ఉన్న వేళ కూడా ప్రతి ఒక్కరికీ విసుగు లేకుండా ఇవే మాటలు చెప్పారు.

పోలిక కోసం ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ అనుభవాన్ని కూడా చెప్పక తప్పదు. మా పక్క వీధి కుర్రవాడిని మొదట అక్కడ చేర్చారు. జ్వరం ప్యాకేజీ పేరిట డెంగీ, మలేరియా పరీక్షలు, టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష చేశారు. రోజూ ప్లేట్‌లెట్లు లెక్కపెట్టారు. సెలైన్‌తోపాటు సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చారు. ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగీయే అన్నారు. స్క్రబ్ టైఫస్‌లో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. సెఫ్ట్రియాక్సోన్ మంచి మందే కానీ ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది కనుక పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు దాని మీద పనిచేయవు. జ్వరం వారం దాటినా ఆ కుర్రవాడి ఒంటి మీద చొక్కా విప్పి చూసిన వారు లేరు. ఆయాసం మొదలయ్యాక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పంపించివేశారు. అక్కడ అత్యవసర విభాగంలో ఉన్న జూనియర్ వైద్యుడు చంక కింద మచ్చ చూసి నిమిషాల్లో విషయం గ్రహించాడు. కుటుంబం అప్పటికే పెట్టిన ఖర్చు తలచుకుంటే బాధ కలుగుతుంది.

ప్రయోగశాల సేవకు నేను మధ్యస్థ స్థానమే ఇస్తాను. ఇక్కడ చేసేది ఐజీఎం ఎలైజా పరీక్ష. బ్యాక్టీరియా మీద శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను ఇది పట్టుకుంటుంది. జ్వరం వచ్చిన మొదటి వారం చివరికి గానీ ఆ ప్రతిరక్షకాలు తగినంత తయారు కావు కనుక రెండో రోజు, మూడో రోజు చేసిన పరీక్ష నెగటివ్ వస్తే దానికి విలువ లేదు. పైగా ఎలైజా పళ్ళెంలో 96 గుంతలు ఉంటాయి. ఒకరిద్దరి కోసం పళ్ళెం తెరిస్తే ఖరీదైన కిట్టు వృథా అవుతుంది కాబట్టి నమూనాలు పోగయ్యే దాకా ఆగుతారు. ఈ కారణాన్ని టెక్నీషియన్ మాకు దాపరికం లేకుండా చెప్పారు. ఫలితంగా మావాళ్ళలో కొందరి రిపోర్టులు వారి జ్వరం తగ్గిపోయాక వచ్చాయి. ఆరోగ్య కేంద్రంలో ముందే మందు మొదలుపెట్టారు కాబట్టి ఆ ఆలస్యం ఎవరినీ నష్టపరచలేదు. కానీ వ్యాప్తి మొదలైందని తేలిన తరువాతైనా నమూనాల సంఖ్య కోసం చూడకుండా పరీక్ష జరిపించే ఏర్పాటు ఉండాలి, ఎందుకంటే క్షేత్రబృందం కదలడానికి ఆ రిపోర్టులే ఆధారం.

కొన్ని చిన్న ప్రయోగశాలల్లో ఇంకా వీల్-ఫెలిక్స్ పరీక్షతోనే నెట్టుకొస్తున్నారు. 1916 నాటి పద్ధతి అది. రోగి రక్తం నుంచి తీసిన సీరం కలిపితే ప్రోటియస్ అనే మరో బ్యాక్టీరియా ముద్దకడుతుందా అని చూసి పరోక్షంగా ఊహించడం. చవకే గానీ నిజమైన రోగుల్లో చాలామందిని వదిలేస్తుంది. మా వీధిలో ఒకరు ఆ పరీక్ష నెగటివ్ వచ్చిందన్న ధీమాతో మందు మానేశారు. వైద్యాధికారిణి పిలిపించి నచ్చజెప్పి మళ్ళీ మొదలుపెట్టించారు. దీనికి వ్యతిరేక దిశలో ఇంకో చిక్కు ఉంది. ఎలైజా పట్టుకునే ఐజీఎం ప్రతిరక్షకాలు కొన్ని నెలల పాటు రక్తంలో నిలిచి ఉండవచ్చు కనుక పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పటి జ్వరానికి అదే కారణమని కళ్ళు మూసుకుని చెప్పలేము. మచ్చ మీది పెచ్చును తీసి, బ్యాక్టీరియా జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తే మొదటి వారంలోనే తేల్చవచ్చు. పెద్ద ఆసుపత్రిలో కొందరికి ఆ పెచ్చు సేకరించడం నేను చూశాను, అది మంచి పని.

వార్డు విషయానికి వస్తే, వైద్యం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయాసంతో వచ్చిన కుర్రవాడికి ఆక్సిజన్ పెట్టి, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరం ద్వారా ఇచ్చారు. రెండు మందులు ఎందుకని వాళ్ళ నాన్నగారు అడిగితే యూనిట్ వైద్యుడు నిలబడి వివరించారు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్ మీద వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నాయకత్వంలో మన దేశంలోనే జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. సుమారు 800 మంది రోగుల మీద జరిగిన ఆ ప్రయోగంలో మరణం, ఏడో రోజుకు కూడా వీడని అవయవ సమస్యలు, అయిదో రోజుకు కూడా తగ్గని జ్వరం, ఈ మూడింటినీ కలిపి లెక్కిస్తే రెండు మందులు కలిపి ఇచ్చినవారిలో 33 శాతం మందికి, డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 47 శాతం మందికి, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 48 శాతం మందికి అలా జరిగింది. మరణాల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. మన ఆసుపత్రుల్లో మన రోగుల మీద తేలిన విషయం మన ఊరి వార్డులో ఆచరణలోకి రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. కుర్రవాడు కోలుకుని నడిచి ఇంటికి వచ్చాడు.

వార్డు నిర్వహణ మాత్రం రోగుల బంధువులను అలసిపోయేలా చేస్తుంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా రోగులు వస్తారు కనుక మంచాలు చాలవు. రక్తం సీసాలను బంధువులే ప్రయోగశాల దాకా మోసుకెళ్ళాలి, ఆ ప్రయోగశాల ఏ భవనంలో ఉందో చెప్పే బోర్డు లేదు. చదువు రాని గిరిజన కుటుంబం ఒకటి రిపోర్టు ఎక్కడ తీసుకోవాలో తెలియక మెట్ల మీద కూర్చుండిపోవడం చూశాను. నర్సుల సంఖ్య పెంచడం, నమూనాలు మోయడానికి ఒక మనిషిని నియమించడం అత్యవసరం. ఇంత భారం మీద పడినా స్టాఫ్ నర్సులు మందు వేళ తప్పనివ్వలేదు.

ఇప్పుడు వ్యాప్తి పరిశోధన గురించి. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమం కింద మూడు రకాల నివేదికలు ఉంటాయి: లక్షణాలను బట్టి ఆరోగ్య కార్యకర్త ఇచ్చేది, అనుమానించి వైద్యుడు ఇచ్చేది, నిర్ధారించి ప్రయోగశాల ఇచ్చేది. ఈ మూడూ ఒకే ప్రాంతాన్ని చూపించినప్పుడు జిల్లా బృందం కదులుతుంది. మా కాలనీకి వచ్చిన బృందంలో వైద్యుడు, కీటక నిపుణుడు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఉన్నారు. వారు చేసిన మొదటి పని రోగుల జాబితా తయారుచేయడం: వయసు, పని, జ్వరం మొదలైన తేదీ, అంతకు ముందు మూడు వారాల్లో తిరిగిన చోట్లు. ఇంటింటినీ కాలనీ పటం మీద గుర్తు పెట్టారు. గుర్తులన్నీ పై వరుస ఇళ్ళ మీద, కొండ వెనక వైపుకు వెళ్ళే కాలిబాట పక్కన గుమిగూడాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. జ్వరం లేని ఇళ్ళకు కూడా వెళ్ళి అవే ప్రశ్నలు అడిగారు. కట్టెలకు వెళతారా, మేకలున్నాయా, బట్టలు పొదల మీద ఆరేస్తారా, గడ్డి మీద కూర్చుంటారా, ఇంట్లో ఎలుకలు ఎక్కువా? "మాకు జొరాల్లేవు కదా బాబూ, మమ్మల్నెందుకు అడుగుతారు" అని ఒకావిడ చిరాకుపడింది. జబ్బు పడినవారినీ పడనివారినీ పోల్చి చూస్తేనే తేడా ఎక్కడుందో తెలుస్తుందని బృందంలోని వైద్యుడు ఆమెకు అర్థమయ్యేలా చెప్పారు. కట్టెలకు వెళ్ళేవారిలోనూ, మేకలున్న ఇళ్ళలోనూ జబ్బు ఎక్కువగా ఉందని సాయంత్రానికి మాకే కనిపించింది.

ఆ రాత్రి పొదల అంచున, ఇళ్ళ వెనక ఎలుక బోనులు పెట్టారు. తెల్లవారి పట్టుబడిన ఎలుకల, చుంచుల చెవుల లోపల దువ్వి, రాలినవాటిని సీసాల్లో భద్రపరిచారు. ఒక్కో ఎలుకకు సగటున ఎన్ని చిగ్గర్లు ఉన్నాయో లెక్కిస్తారట. ఆ సగటు 0.69 దాటితే ఆ ప్రాంతంలో మనుషులకు ప్రమాదం పెరిగిందని గుర్తు. నల్లని పలకలను గడ్డిలో ఉంచి వాటి మీదికి ఎక్కిన పురుగులను ఏరే పద్ధతిని కూడా చూపించారు. ఏ ఆర్భాటమూ లేకుండా ఎండలో, ముళ్ళపొదల్లో వారు చేసిన ఆ శ్రమకు మా కాలనీ తరఫున కృతజ్ఞతలు చెబుతున్నాను.

ఇటువంటి పరిశోధన ప్రాణాలను ఎలా కాపాడుతుందో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ఉదంతం చెబుతుంది. అక్కడ 1978 నుంచి ప్రతి ఏటా వానాకాలంలో మెదడువాపుతో పిల్లలు చనిపోయేవారు. దానికి దోమల ద్వారా వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే వైరస్ జబ్బు కారణమని భావించి 2006 నుంచి టీకాలు వేశారు. అయినా మరణాలు ఆగలేదు. 2014 తరువాత చెన్నైలోని జాతీయ అంటువ్యాధుల శాస్త్ర సంస్థ, మరికొన్ని సంస్థలు చేసిన పరిశోధనల్లో ఆ పిల్లల్లో ఎక్కువమందికి వచ్చింది స్క్రబ్ టైఫస్ అని తేలింది. ఆ తరువాతే జ్వరం దశలోనే, మెదడుకు ఎక్కక ముందే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ ఇవ్వడం మొదలైంది.

మా దగ్గర లోపం పరిశోధన తరువాత వచ్చింది. ఎలుకల మీద దొరికిన చిగ్గర్ల లెక్క ఎంత, అందులో బ్యాక్టీరియా ఉందా, ఏ బాట వదిలేయాలి అన్న సంగతులు మాకెవరూ చెప్పలేదు. సచివాలయంలో అడిగితే పై అధికారులకు పంపామన్నారు. పారిశుద్ధ్య సిబ్బంది వచ్చి పొదలు నరికారు, అది అవసరమే. నరికిన కంపను మాత్రం కాలిబాట పక్కనే కుప్ప పోసి వెళ్ళారు, అందులో ఎలుకలు కాపురం పెట్టాయి. మూడు సాయంత్రాలు పొగ కొట్టారు. పొగ ఎగిరే దోమలకు గానీ నేలను, గడ్డిని అంటిపెట్టుకుని ఉండే చిగ్గర్లకు తగలదు. ఆ ఖర్చును కంప తొలగించడానికీ, చెత్త క్రమం తప్పకుండా ఎత్తించడానికీ పెట్టి ఉంటే ప్రయోజనం కలిగేది.

పంచిన కరపత్రం మరో నిరాశ. పురుగు బొమ్మను సూక్ష్మదర్శినిలో కనిపించినంత పెద్దదిగా, పేజీ నిండా అచ్చువేశారు. "అంత పురుగు మా ఇళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదు" అని చాలామంది తేలిగ్గా తీసిపడేశారు. కంటికి కనిపించనంత చిన్నదన్న ముఖ్యమైన మాట కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ బొమ్మకు బదులు ఒంటి మీది నల్లమచ్చ బొమ్మ వేసి, ఏయే చోట్ల చూసుకోవాలో చెబితే ఎవరికి వారు ఇంట్లోనే చూసుకునేవారు. కరపత్రం చేయలేని పనిని మా ఆశా కార్యకర్త చేసింది. జ్వరం వచ్చిన ఇంటి ఆవిడను పనిలోకి రావద్దన్న యజమానురాలి దగ్గరికి స్వయంగా వెళ్ళి, "అమ్మగారూ, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదండి, పొదల్లో పురుగు కుడితేనే వస్తాది" అని చెప్పి ఒప్పించింది. కొండ మీదికి వెళ్ళేవారు నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోవాలని, ప్యాంటు అంచులు సాక్సులోకి దూర్చాలని, నేల మీద చాప లేకుండా కూర్చోవద్దని, తిరిగి వచ్చాక సబ్బుతో స్నానం చేసి ఆ బట్టలు వేడినీళ్ళలో ఉతకాలని ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. దోమలకు ఒంటికి రాసుకునే క్రీములు కొంతవరకు వీటినీ దూరంగా ఉంచుతాయి.

మొత్తం మీద చికిత్స భాగాన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కొండవాలు కాలనీల్లో ఉంటూ, వానల తరువాత జ్వరం వచ్చి అయిదు రోజుల్లో తగ్గనివారు ముందుగా పట్టణ ఆరోగ్య కేంద్రానికే వెళ్ళడం మంచిది. నల్లమచ్చ కనిపిస్తే అయిదు రోజులు కూడా ఆగవద్దు. అప్పటిదాకా వాడిన మందుల చీటీలు, రిపోర్టులు అన్నీ తీసుకువెళ్ళండి. గత మూడు వారాల్లో పొలానికి, కొండకు, తోటకు వెళ్ళిన సంగతి వైద్యులు అడగకపోయినా మీరే చెప్పండి. ఒళ్ళంతా చూడాలంటే కాదనవద్దు. స్త్రీలకు నర్సు విడిగా చూస్తుంది. ఆయాసం, మాట తడబాటు, మూత్రం తగ్గడం, మగతగా ఉండడం కనిపిస్తే ఆరోగ్య కేంద్రం కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

పరిశోధన ఫలితాలను తెలుగులో, ఒక పేజీలో, వార్డు సచివాలయం గోడ మీద అంటించాలని, వచ్చే వానాకాలానికి ముందే ఎలుకల సర్వే మళ్ళీ జరపాలని సంఘం తరఫున అర్జీ ఇచ్చాము. ఆ అర్జీ ప్రతి మా సంఘం కార్యాలయంలో ఉంది. ఇదే ఇబ్బంది ఉన్న ఇతర కొండవాలు కాలనీల వారు వచ్చి దాన్ని చూసి, తమ పేర్లతో అటువంటిదే ఇచ్చుకోవచ్చు.